నిరంక్

మా సిరొంచ దవాఖాన రిజిస్టర్లు మరాఠీల ఉంటయి.
ఏమీ లేని కాడ లేదు అని రాయం,
నిరంక్ అని రాస్తం.
నాలుక తెలుగుదే, చెయ్యి సర్కారుది.

ఆ యేడు నా చెయ్యి ఆ ఒక్క మాటనే
పెన్ను ఎండిందాక రాసింది.

సర్ది, నిరంక్.
కండ్లకలక, నిరంక్.
గవదబిళ్లలు, నిరంక్.
తొలకరి పడంగనే అంకీస దిక్కు నుంచి
ట్రాక్టర్లల్ల పండుకొని వచ్చే వాంతులు భేదులు
ఆ వానకు దిగలే.
సెలైన్ సీసాలు పెట్టెలనే ముసలివైనయి.

బడికి తాళం, తాళానికి తుప్పు.
ఒక పోరని ముక్కు నుంచి ఇంకో పోరని ముక్కుకు
నడిచే తొవ్వ మీద గడ్డి మొలిచింది.
ఆటలమ్మ పొలిమేర దాకా వచ్చి
ఇంటింటికీ గొళ్లెం చూసి
ప్రాణహిత ఒడ్డుకు పోయి కూసున్నదేమో,
ఎవరికీ పొయ్యలే.

మా ఆశా తాయి తలాండి రాజుబాయి
గూడెంల పిల్లల్ని వరుసకు నిలబెట్టి
ఇరవై లెక్కపెట్టుకుంట చేతులు కడిగించేది.
పది దాకా గోండిల,
అక్కడ అంకెలు ఒడిసిపోతే
మిగిలిన పది తెలుగుల.
ఆ నురుగు ఎన్ని కడుపుల్ని కాసిందో
ఏ రిజిస్టర్ల రాయాలె?

గడ్చిరోలి నుంచి సాహెబ్ ఫోన్ జేసి
శాబాస్ అన్నడు.
మూతిగుడ్డ కింద నేను నవ్విన.
ఎవరికీ కనబడలే.

పేజీ తిప్పిన.
తెమడ పరీక్షలు, నిరంక్.
ఈ మాట రాయనీకి చెయ్యి జర ఆగింది.
ఈ పేజీల అంతకుముందు ఎప్పుడూ నెలకు
పది పన్నెండు పేర్లుండేవి.
క్షయ చూసే యంత్రాన్ని కరోనా చూడ పెట్టిన్రు,
యంత్రంతో పాటు నన్ను గూడ.
తెమడ డబ్బీల వెనక బల్లి గుడ్లు పెట్టింది.

దోమకు ఆరడుగుల లెక్క తెల్వదు.
రక్తం చుక్క తీసే పోరడు ఇల్లు దాటలే గాని
దోమ దాటింది.
చుక్క తియ్యకపోతే జెరం లేనట్టే,
కాగితం మీద.

రెండు సున్నాలూ ఒక్క తీరే గుండ్రంగున్నయి.
రోగం రాలేదని ఒకటి.
రోగి రాలేదని ఒకటి.
నేను రెండిటినీ ఒకే సిరాతోటి దిద్దిన.

తరువాతి యేడు బడి తెరిచిన్రు.
వారం తిరక్కముందే ముప్పైనాలుగు ముక్కులు కారినయి.
సర్ది, ముప్పైనాలుగు అని రాసుకుంట
చుట్టాలొచ్చినంత సంబురపడ్డ, ఎందుకో.
ఆ వెనకనే తట్టు వచ్చింది,
బుధవారం సూదులు తప్పిన పిల్లల్ని
పేరుపేరునా వెతుక్కుంట,
బాకీ వసూలుకొచ్చిన సేటు లెక్క.

అగో, అప్పుడొచ్చిండు కొండగొర్ల బానయ్య.
తునికాకు కల్లంల కట్టలు లెక్కపెట్టే మనిషి.
ముప్పై ఎనిమిది కిలోలు.
అంగీ ఆయనది గాదనిపించింది, ఆయనదే.

పెండ్లాం చెప్పింది:
"దగ్గితే అహేరి తీస్కపోతరని భయం సారూ.
ఆపుకోలేనప్పుడు లేసి
ఒకటికి పోయినట్టు చేన్లకు పోయి
దగ్గి వచ్చేటోడు.
ఏడాదిన్నర."

అద్దం ముక్క మీద ఆయన తెమడ పూసి
మంట మీద ఆరబెట్టి
రంగులేసి చూసిన.
నీలి నీళ్లల్ల ఎర్ర పుల్లలు,
ఒకదాని మీద ఒకటి,
వర్షానికి ముందు ఎవరో ఏరుకొచ్చి దాచుకున్నట్టు.
లెక్కపెట్టుడు మొదలుపెట్టి
వంద కాడ ఆపేసిన.

మందుల డబ్బా చేతిల పెట్టి
మూతికి గుడ్డ కట్టుకో బానన్నా అన్న.
ఆయన బయటికి చూసిండు.
వరండాల, గేటు కాడ, చాయ్ బండి కాడ
అన్నీ బోడి మూతులే.
"అందరు ఇప్పేసిన్రు గద సారూ,
నేనిప్పుడు కట్టుకోవాల్నా?"

అల్మారీల వెతికితే అట్టపెట్టె అడుగున
రెండు మిగిలినయి.
ఒకటి ఆయనకిచ్చిన.
ఒకటి నేను కట్టుకున్న,
గేటు దాకా ఆయన తోటి నడిచినంత సేపన్న
ఆయన ఒక్కడే కనబడొద్దని.